బావ తెచ్చిన యుద్ధపు కత్తి

రాయపూర్ దేవేంద్ర నగర్‌లో ఉండే మా అప్ప, అంటే మా అక్క, ఫోన్ చేసి ఒకసారి రమ్మంది. డెబ్బై ఒకటి పాకిస్తాన్ యుద్ధంలో, సైన్యంలో ఉన్న మా బావ ఒక శత్రు సైనికుణ్ణి పట్టుకుని, అతని తుపాకి మొనకున్న కత్తి తీసుకున్నాడు. పైవాళ్ళ అనుమతితో ఇంటికి తెచ్చుకున్నాడు. బావ పోయాక అది అప్ప దగ్గరే ఉంది. తన తరవాత ఎవరైనా పాత ఇనుముకి వేసేస్తారని ఆమె బెంగ. నయా రాయపూర్‌లో ఒకాయన యుద్ధాల నాటి సామాన్లు సేకరించి, ఇంట్లోనే జనానికి చూపిస్తాడట. అక్కడి అద్దాల బీరువాలో బావ పేరుతో పెట్టించాలి, నువ్వే మాట్లాడాలి అంది. నాకు మాట్లాడటం రాదని ఆవిడకు తెలుసు. అయినా పిలిచింది.

విజయనగరంలో సాయంత్రం పాసింజరెక్కితే, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా పొద్దున్నకి రాయపూర్ చేరుస్తుంది. స్లీపరు చాలు. చలికాలమైతే దుప్పటి మరవకండి. స్టేషన్ నుంచి అప్ప ఇంటికి ఆటోకి వందలోపే. అప్ప ఉప్మా పెట్టి, పట్టుగుడ్డలో చుట్టిన కత్తి తెచ్చింది. అద్దంలా మెరుస్తోంది, నడుమ కుంకుమ బొట్టు. పదింటికి నయా రాయపూర్‌కి ఆటో మాట్లాడుకున్నాం, రానూ పోనూ ఆరువందలు. అక్కడ రోడ్లు వెడల్పు, మనుషులు తక్కువ. నీళ్ళు వెంట ఉండాలి. ఒళ్ళో మూట చూసి ఆటోవాలా ఏ గుడికని హిందీలో అడిగాడు. అప్ప నవ్వింది.

ఆ సేకరించే ఆయన రైల్వేవాళ్ళ అబ్బాయి, తెలుగువాడే, యాభై ఏళ్ళుంటాయి. కత్తిని భూతద్దం కింద అటూ ఇటూ తిప్పాడు. ముఖంలో వెలుగు తగ్గిపోయింది.

“దీని మీద కొట్టిన నంబర్ బిల్కుల్ పోయింది అమ్మగారూ. ఏ దేశం ముద్రో కూడా లేదు. దేంతో తోమారు?”

“సింతపండు, ఇటికపొడి. దసరాకి ఆయుధపూజ సేస్తాం కదా బాబూ. ఏటేటా తోమీదాన్ని.”

ముద్ర లేనిదే ఇది ఎక్కడిదో చెప్పలేమని, ఎవరి పేరూ రాయడం కుదరదని ఆయన నెమ్మదిగా చెప్పాడు. అప్ప తన చేతులు చూసుకుంది. నేను ఏదో ఒకటి అనాలి. “మా బావ అబద్ధమాడడు” అన్నాను. అంతే వచ్చింది.

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, మీవారు ఏం చెప్పేవారని అప్పని అడిగాడు.

“ఆ కుర్రోడు దాహంతో ఒణికిపోతన్నాడట. ఈయన తన నీళ్ళు తాగించి, అప్పుడు కత్తి తీసుకున్నారట. పూజప్పుడల్లా ఆడికీ ఓ దండం పెట్టమనీవోరు. ఆ బొట్టు కత్తిక్కాదు బాబూ, ఆడికి.”

ఇంటివాళ్ళు చెప్పిన మాట అని కింద రాసి, బావ పేరుతోనే పెడతానన్నాడు ఆయన. బొట్టు తుడుద్దామని నేను రుమాలు తీస్తే చెయ్యి పట్టుకున్నాడు. “ఉండనివ్వండి అంకుల్. ఇప్పుడు దీని పహచాన్, ఆనవాలు ఇదే.”

తిరుగుదారిలో అప్ప ఖాళీ పట్టుగుడ్డ మడతపెడుతూ, “దసరాకి ఇంకేటి తోమాల్రా?” అంది.

అది గెలిచి తెచ్చుకున్న వస్తువనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ కుర్రాడు ఇల్లు చేరాడో లేదో బావకే తెలీదు. అప్ప మాత్రం ఇన్నేళ్ళూ వాణ్ణి తన ఇంట్లో ఉంచుకుంది. మీ ఇంట్లోనూ ఇలాంటిది ఉంటే తోమకండి, పొడిగుడ్డతో తుడిస్తే చాలు. ఎక్కడికైనా చూపించడానికి తీసుకెళ్తే, దాని సంగతి తెలిసిన మనిషిని కూడా వెంట తీసుకెళ్ళండి.