ఖాళీగా వచ్చిన బాక్సు

మా పాపకు ఏడేళ్లు వచ్చేదాకా నేనే ముద్దలు లెక్కపెట్టి తినిపించాను. వద్దని మూతి తిప్పుకుంటే గడ్డం పట్టుకుని మరీ కుక్కాను. ఒకరోజు తిన్నదంతా భళ్లున కక్కేసింది. కావలిలో పిల్లల డాక్టరుగారికి చూపిస్తే మందేమీ రాయలేదు.

"వండిపెట్టేది నీ పనమ్మా. ఎంత తినాలో బిడ్డ కడుపుకి తెలుసు, దాన్ని తిననీ," అన్నారు. ఈ మాటకా గంటసేపు కూర్చోబెట్టారని నాకు ఒళ్లు మండింది.

అయినా మరుసటి రోజు నుంచి గరిటె దాని చేతికే ఇచ్చాను. బడికి తీసుకెళ్లే బాక్సు నా కళ్లముందే నిండుగా తనే పెట్టుకుంది. సాయంత్రం గుమ్మంలోనే సంచి లాక్కుని మూత తీశాను. ఒక్క మెతుకు లేదు! మర్నాడూ అంతే. ఇంట్లో నాలుగు ముద్దలకే లేచిపోయే పిల్ల బడిలో అంతా తినేస్తుందా? నమ్మడానికి నేనేమన్నా పిచ్చిదాన్నా? ఎవరికో పంచుతోందా, చెత్తబుట్టలో పోస్తోందా? మూడోనాడు బాక్సు వెలుతురులో పెట్టి చూశాను. పొద్దున కలుపుకుపోయిన చేపల పులుసు మరక కాస్తయినా లేదు.

"నువ్వు పోలీసుల్లో చేరాల్సినదానివి," అని మా ఆయన ఎగతాళి చేశారు.

నాలుగోనాడు ఆటో వచ్చే వేళకు మిద్దెక్కి పిట్టగోడ చాటున కూర్చున్నాను. పాప వీధి చివర దిగింది. అటూ ఇటూ చూసి, గోడ పక్కన కూర్చుని, మిగిలిన అన్నమంతా వీధికుక్కకు పెట్టింది. సీసాలో నీళ్లతో బాక్సు కడిగి, స్కర్టుకు తుడిచింది.

గబగబా దిగి ఎదురెళ్లాను. నన్ను చూసి దొంగకు తేలు కుట్టినట్టు నిలబడిపోయింది.

"యాడ నేర్చినావే ఈ దొంగపనులు?" అని చెయ్యెత్తాను.

"మిగిల్తే నువ్వు మొగం మాడ్చుకుంటావు మా. కుక్కయితే ఏమీ అనదు," అంది వెక్కుతూ.

ఎత్తిన చెయ్యి దించేశాను. చచ్చేంత సిగ్గేసింది. చాలనిపిస్తే ఆపడం దానికి బాగానే తెలుసు. దాచడం నేర్పింది నేను.

"ఇంక మిగిలిందంతా ఇంటికే తీసకరా. ఏమీ అనను, ఒట్టు," అన్నాను.

మర్నాడు బాక్సు సగం అన్నంతో వచ్చింది. ఈసారి మూత తనే తీసి, నా మొహంలోకి చూస్తూ నిలబడింది. నవ్వాను.

అది ఇంకాస్త దగ్గరికొచ్చి చూసింది. "నిజంగానే నవ్వతుండావా మా, ఊరికేనా?"