మా అత్త సాక్ష్యం, నా మోకాలు

చోడవరంలో ఆడమనిషి రోడ్డు మీద పరుగెత్తిందంటే ఊరికి తెలిసిన కారణాలు రెండే. బస్సు వెళ్ళిపోతూ ఉండాలి, లేదా ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికొచ్చి ఉండాలి. తెల్లారుతూనే నేను గోవాడ రోడ్డెక్కితే చెరకు ట్రాక్టరు నడిపే ప్రతివాడూ నా పక్కకొచ్చి బండి నెమ్మది చేసేవాడు. "ఏటమ్మా, ఎవలికి బాగోలేదు? ఎక్కు, దింపేస్తాను" అనేవాడు. ఎవరికీ ఏమీ కాలేదని చెయ్యి ఊపినా నమ్మేవాడు కాదు. కొంతదూరం నా పక్కనే నడిపి, జాలిగా ఒక చూపు చూసి వెళ్ళిపోయేవాడు. ఆ పొగంతా నాకు.

నేను బడిలో లెక్కల టీచర్ని. షుగరు వచ్చేలా ఉంది, రోజూ నడవమని డాక్టరు చెబితే నడక మొదలుపెట్టాను. ఆ నడకే పరుగైంది. ఎందుకైందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ గంటసేపు నన్నెవరూ ఏమీ అడగరు, అందుకు. టిఫినేమిటని అడగరు, ఇస్త్రీ చొక్కా ఎక్కడుందని అడగరు. రెండు పక్కలా వరి పొలాలు, మధ్యలో నా ఊపిరి నాకు వినబడుతూ ఉంటే, పెళ్ళైన ఇన్నేళ్ళకి నాదంటూ ఒకటి దొరికిందనిపించేది. ఆ సంతోషంలో ఒళ్ళు తెలియక వైజాగ్ బీచ్ రోడ్డులో జరిగే మారథాన్‌కి పేరిచ్చేశాను. సగం పరుగు కాదు, మొత్తం నలభై రెండు కిలోమీటర్లూ. మా ఆయన విని, ఇంచుమించు ఇక్కడినుంచి వైజాగ్ అంత దూరం కదా, బస్సుండగా ఎందుకని అడిగాడు.

మొదట్లో బాగానే సాగింది. ఒక శనివారం బుచ్చయ్యపేట దాకా వెళ్ళి తిరిగొచ్చినా ఇంకా ఓపిక మిగిలింది. మా గేటు పట్టుకుని ఒక్కదాన్నే పిచ్చిదానిలా నవ్వుకున్నాను. ఎదురింటావిడ చూసి ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాను. ఆ తర్వాతి వారమే కుడి మోకాలు పట్టేసింది. మేడ మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

ఇక్కడ మా అత్త గురించి చెప్పాలి. మంచి మనిషి. ఈ మాట ముందే అనేస్తున్నాను, లేకపోతే రాసింది కోడలు కదా అని మీరు ఇంకోలా అనుకుంటారు. మా చర్చిలో స్త్రీల కూటానికి ఆవిడే పెద్ద. ఎవరింట్లో జ్వరమైనా, గొడవైనా ముందు ఆవిడకే కబురొస్తుంది. నా మోకాలు చూసి, పాస్టరుగారు ప్రార్థన చేసిచ్చిన నూనె తెచ్చి, రోజూ పొద్దునా సాయంత్రం తనే కూర్చుని రాసింది. రాస్తున్నంతసేపూ కళ్ళు మూసుకుని పెదాలు కదిపేది. నేను ఆ వారమంతా పరుగు మానేశాను. మానేస్తే ఏ మోకాలైనా కాస్త నెమ్మదిస్తుంది. తగ్గిందా అని ఆవిడ అడిగితే తగ్గిందత్తా అన్నాను. ఆ పూటకి అది నిజమే.

మా సంఘంలో ఆదివారం ఆరాధనలో పాటలయ్యాక సాక్ష్యాలుంటాయి. దేవుడు తమకి చేసిన మేలు ఎవరికి వాళ్ళు లేచి అందరి ముందూ చెప్పుకుంటారు. చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి మాత్రం మా దగ్గర లేదు. ఎవరూ తీసుకోగా నేను చూడలేదు. ఆ ఆదివారం మా అత్త లేచి నిలబడి, "డాక్టర్ల వల్ల కానిది నా దేవుడు సేసేడు. నా కోడలి మోకాలు ముట్టి బాగుసేసేడు. ఆయన మహిమ కోసం అది వైజాగ్‌లో నలభై రెండు కిలోమీటర్లు పరిగెడతాది" అంది. అందరూ చప్పట్లు కొట్టి స్తోత్రం అన్నారు. అప్పటికి నేను ఏ డాక్టరుకీ మోకాలు చూపించనే లేదు. చాపమీద కుక్కిన పేనులా కూర్చున్నాను.

ఆ రోజుతో నా పరుగు నాది కాకుండా పోయింది. చర్చి గేటుకి నా ఫోటోతో ఫ్లెక్సీ కట్టారు. బడి గుర్తింపు కార్డు మీది ఫోటో అది, అందులో నేను ఎవరినో కొట్టబోతున్నట్టుంటాను. స్త్రీల కూటం నాకోసం శుక్రవారాలు ఉపవాసం మొదలుపెట్టింది. పోటీ నాడు అందరూ చూడ్డానికి రావాలని వ్యాను మాట్లాడారు. పొద్దున్న నేను బయల్దేరే వేళకి వాకిళ్ళు ఊడుస్తున్నవాళ్ళు చీపుర్లు ఆపి మరీ నా మోకాలు చూసేవారు. ఎలాగుందమ్మా అని అడిగేవారు. దేవుని కృప అనేదాన్ని. ఇంకేమంటాను?

నొప్పి తిరిగొచ్చింది, ఈసారి వాపుతో సహా. ఎవరికీ చెప్పకుండా అనకాపల్లి వెళ్ళి ఎముకల డాక్టరుకి చూపించుకున్నాను. మూడు నెలలు పరుగు మాటే ఎత్తొద్దన్నాడు. వినకపోతే ఇక మెట్లెక్కడమే కష్టమవుతుందన్నాడు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని కక్కలేక మింగలేక నలిగిపోయాను. పరుగెత్తితే కాలు పోతుంది, మానేస్తే మా అత్త పరువు పోతుంది. మా ఆయనతో చెబితే, అమ్మ సంగతి నీకు తెలుసు కదా అని ఫోను చూసుకున్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది.

మోకాలికి పట్టీ చుట్టి, అది కనబడకుండా పైన వదులు పైజామా వేసుకుని మళ్ళీ రోడ్డెక్కాను. ఊరు దాటేదాకా పరుగు, దాటాక కుంటుడు. ఒకరోజు దేవరాపల్లి రోడ్డులో ఇక అడుగు పడలేదు. ట్రాక్టరువాడు ఎప్పటిలాగే ఎక్కమన్నాడు. ఎక్కేశాను. చర్చి వీధి మలుపుకి ముందే దిగి, అక్కణ్ణుంచి మా ఇంటిదాకా పరుగెత్తుకుంటూ వచ్చాను. వాకిట్లో ఆడవాళ్ళు శభాష్ అన్నారు. ఆ పూట అద్దంలో నా మొహం చూసుకోవడానికి సిగ్గేసింది. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఎవరి మీద కోపమో తేల్చుకోలేకపోయాను.

ఇక భరించలేక ఒక సాయంత్రం వంటింట్లో చెప్పేశాను. మా అత్త చిక్కుడుకాయలు తుంచుతోంది. నొప్పి తగ్గలేదనీ, డాక్టరు ఏమన్నాడో, వాపు ఎంతుందో, అన్నీ చెప్పాను. పైజామా పైకి లాగి చూపించాను. ఆవిడ చిక్కుడుకాయలు పక్కనపెట్టి ఆ వాపు మీద చెయ్యి వేసి చుట్టూ మెల్లగా నొక్కి చూసింది. నా మీద విరుచుకుపడుతుందనుకున్నాను.

"పరిగెట్టొద్దు" అంది చివరికి. "కాలు పోతే మళ్ళీ ఎవలిస్తారే నీకు? ఆదివారం నేనే లేచి సెప్తాను."

నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ళలో ఆవిడ భుజం మీద తల పెట్టుకోవడం అదే మొదలు. ఆ వారమంతా పొద్దున్నే లేచి, బూట్ల జోలికి పోకుండా, తీరిగ్గా కాఫీ తాగాను. జైలు నుంచి బయటపడ్డట్టుంది.

ఆదివారం పాటలయ్యాయి. సాక్ష్యాల వేళకి మా అత్త లేవబోతూ ఉండగా ముందు వరసలో ఇంకొకావిడ లేచింది. ఆవిడ భర్తకి కిడ్నీలు పాడై కొన్నాళ్ళుగా మంచం మీదే ఉన్నాడు. ఆస్పత్రికి వెళ్ళనని మొండికేసి, తిండి మానేసి, ఇక చచ్చిపోతానంటున్నాడట. మా అత్త సాక్ష్యం విన్నాక తనకి ధైర్యం వచ్చిందనీ, ఆ నూనె తీసుకెళ్ళి రాస్తూ నా మోకాలు బాగైన సంగతి ఆయనకి తను రోజూ చెబుతున్నాననీ అంది. మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళడానికి ఒప్పుకున్నాడట. నిన్న తనంతట తనే కంచం అడిగి రెండు ముద్దలు తిన్నాడట. ఆవిడ చెబుతూ చెబుతూ ఏడ్చింది. కూర్చునేముందు వెనక్కి తిరిగి మా ఇద్దరికీ దండం పెట్టింది.

తర్వాత మా అత్త లేచింది. గోడకి చెయ్యి ఆనించి నిలబడింది. ముందు వరసలో ఆవిడ వైపు చూసింది. అందరూ నవ్వు మొహాలతో మా అత్త వైపే తిరిగారు. చెప్పు అత్తా, చెప్పేయ్ అని లోపల గింజుకుంటున్నాను.

"నా కోడలి కోసం ప్రార్థన సెయ్యండి" అంది. "ఆ పరుగు అది పూర్తి సెయ్యాలి."

అని కూలబడినట్టు కూర్చుంది. నా వైపు చూడలేదు. కోప్పడదామనుకున్నాను, కోపం రాలేదు. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ ఇంకో మాట అనగలిగేదాన్ని కాదు. పాస్టరుగారు నా పేరు ఎత్తి నాకోసం, నా కాలి కోసం చాలాసేపు ప్రార్థన చేశారు. అయ్యాక అందరూ ఆమేన్ అన్నారు. ముందు వరసలో ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి తిరిగి నా మొహంలోకే చూస్తోంది.

నేనూ ఆమేన్ అన్నాను.