మాదాపూర్‌లో కూర్చుని చెప్పిన మంచు

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి తానెక్కడున్నదీ సరిగా ధ్యాస ఉండదు. నేనైతే కూర్చునేది మాదాపూర్‌లో, బతికేది కెనడాలోని ఓ కొండ ఊళ్లో. ఆ ఊరికి రేపు వానో మంచో ముందుగా చెప్పడమే నా పని. (కాకినాడలో పుట్టిన నాకు మంచంటే ఫ్రిజ్ పై అరలో పేరుకునేదే.) తెరమీద నీలి మేఘాలు మెల్లగా జరుగుతుంటే నేనూ ఆ వీధుల్లో తిరుగుతున్నట్టే ఉండేది.

ఓ మార్చిలో, అక్కడ చలికాలం అయిపోయిందనుకుంటుండగా, తుఫానొకటి బయల్దేరింది. కంప్యూటర్ లెక్కలన్నీ ఉట్టి వానేనన్నాయి. నాకు నమ్మబుద్ధి కాలేదు. పైన గాలి వెచ్చబడింది గానీ లోయలో చలి ఇంకా కదల్లేదు. వానగా పడి, నేల తాకగానే గడ్డకట్టి, ఆనక మంచుగా మారుతుందని రాశాను. బడి బస్సులు కొండదారిన వెళ్లే ఊరది. నా అంచనా తప్పితే ఊరంతా ఊరికే ఇంట్లో కూర్చోవాలి; చెప్పకపోతే బస్సులు జారతాయి. గోదావరి జిల్లా నుంచి వచ్చిన మా మేడం అది చదివి, "వానా, గడ్డా, మంచూ... మూడూనా? హోటల్లో టిఫిన్లు చెప్పినట్టుందండీ," అన్నారు. కాసేపు మ్యాపు చూసి, "సరే, పంపించండి. రేపు ఫోనొస్తే ఎత్తేది మాత్రం మీరేనండోయ్!"

మర్నాడు నాకు అన్నం సహించలేదు. పక్క సీటు సిద్దిపేట తమ్ముడు నా డబ్బా కూడా ఖాళీ చేస్తూ, "ఫికర్ జెయ్యకన్నా, గంత దూరంకెల్లి నిన్ను కొట్టనీకి ఎవలొస్తరు?" అని ధైర్యం చెప్పాడు.

మధ్యాహ్నం ఫోను మోగింది. అక్కడింకా తెల్లవారలేదు. రోడ్లమీద ఉప్పు చల్లించే పెద్దాయన తన ఇంగ్లీషులో, "నువ్వన్నట్టే అయింది బాబూ. రోడ్డు అద్దంలా ఉంది. బస్సులు ఆపేశాం," అన్నాడు. నేను ఊపిరి పీల్చుకునేలోగా, "వీధి దీపాల వెలుగులో కొమ్మలన్నీ గాజు తొడుక్కున్నట్టున్నాయి, చూశావా?" అని అడిగాడు. నేనూ ఆ ఊళ్లోనే ఉన్నాననుకున్నాడు, పాపం!

"ఇంకా లేదండీ."

"కిటికీలోంచి చూడు. బండి మాత్రం తీయకు, పడతావు."

"తీయనండీ," అన్నాను బుద్ధిగా.

కిటికీ దగ్గరికి వెళ్లాను కూడా. కింద ఎండ మండిపోతోంది, చెరుకురసం బండి చుట్టూ జనం. అయినా కళ్లు మూసుకుంటే చెట్లన్నీ సన్నగా గలగలమన్నాయి. సాయంత్రం మియాపూర్ మెట్రో మెట్లు కమ్మీ పట్టుకుని ఆచితూచి దిగుతుంటే వెనకాయన, "ఏమైందన్నా, జర జల్ది నడువు," అన్నాడు. జారుతుందండీ అనబోయి ఊరుకున్నాను.

ఆ ఉద్యోగం మానేసి చాలాకాలమైంది. ఇప్పటికీ మార్చి వస్తే ఫోనులో ఆ ఊరి వాతావరణం చూస్తుంటాను. "అక్కడ మనవాళ్లెవరున్నారండీ?" అంటుంది మా ఆవిడ.

"ఓ కుర్రాడుండేవాడులే," అని నవ్వేస్తాను.