కింద ఇంకో వరుస

మా అమ్మాయి లెక్కల హోంవర్క్ చేసుకుంటూ రబ్బరుతో కాగితాన్ని గట్టిగా రుద్దుతుంటే వంటింట్లోకి స్ట్రాబెర్రీ వాసన వచ్చింది. ఈ మధ్య రబ్బర్లకి కూడా పళ్ళ వాసన పూస్తున్నారు. దాని కింద మాత్రం అసలు రబ్బరు వాసన, కాస్త కాలినట్టుండేది, అలాగే ఉంది. బెండకాయలు తరుగుతున్నదాన్ని కత్తి పక్కన పెట్టి, "చెరపకు. తప్పు మీద ఒక గీత కొట్టెయ్, కింద ఇంకో వరుస రాయి" అన్నాను, అవసరమైన దానికన్నా గట్టిగానే. "అమ్మా, టీచర్ నీట్‌గా ఉండాలి చెప్పింది" అంది అది. "మీ టీచర్‌తో నేను మాట్లాడతా" అన్నాను. అన్నాక గానీ నా గొంతులో ఎవరు మాట్లాడారో తెలియలేదు. ఆ మాట నాది కాదు, మార్తమ్మ ఆంటీది.

ఈ పరాయి దేశంలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇళ్ళ వరుసలోనే, రెండిళ్ళ అవతల ఉండేవారు ఆవిడ. ఊరు బాపట్ల. కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో డ్రాయింగు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. పొట్టి మనిషి, చేతికి మగవాళ్ళ వాచీ. మంచు పడ్డ రోజున వాకిలి తనే పారతో తోసుకునేవారు. సాయం చేద్దామని ఎవరైనా ఆ పార అందుకోబోతే, "నాకు చేతుల్లేవా?" అని మొహం మీదే అడిగేవారు. వచ్చిన మొదటి చలికాలం ఆ మాట నాకూ తగిలింది. ఈవిడకి పొగరు అనుకున్నాను. పొగరే, కాదనను. అలాంటిది నాకు కొంచెమైనా ఉండి ఉంటే ఇక్కడ నా మొదటి ఏళ్ళు వేరేగా గడిచేవి.

నాది సూర్యాపేట. పెళ్ళికి ముందు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. ఇక్కడికొచ్చాక వీసా ఉద్యోగం చెయ్యనివ్వలేదు. చివరికి వర్క్ పర్మిట్ చేతికొచ్చేసరికి నా చదువుని పట్టించుకునే వాళ్ళు లేరు. వెబ్‌సైట్లు కట్టడం నేర్చుకుందామని కూర్చున్నాను. పేజీలు రాయడం, రంగులు దిద్దడం బాగానే వచ్చేశాయి. గిట్ దగ్గర కూలబడ్డాను. ఫైల్లో చేసిన ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకుని, కావాలంటే పాత రూపాన్ని మళ్ళీ తెచ్చి చూపించే సాధనం అది. పదిమంది ఒకే సైటు మీద పనిచేసే చోట అది రాకపోతే గుమ్మం కూడా ఎక్కనివ్వరు. నాకు తెర మీద ఎర్ర అక్షరాలు కనిపిస్తే చాలు, ఫోల్డర్ మొత్తం తీసిపారేసి మళ్ళీ మొదట్నుంచి దింపుకునేదాన్ని. అందుకని ముందు జాగ్రత్తగా కాపీలు దాచుకునేదాన్ని: సైట్ కొత్తది, సైట్ కొత్త ఫైనల్, సైట్ ఫైనల్ మురళి చెప్పినాక. మార్పులు గుర్తుపెట్టుకునే సాధనం నేర్చుకోవడానికి ఇన్ని కాపీలు దాచుకున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

మురళి మా ఆయన. మంచివాడు, సాఫ్ట్‌వేర్‌లో పండిపోయినవాడు. ఎప్పుడు అడిగినా కాదనేవాడు కాదు, వచ్చిన గొడవంతా అక్కడే. "ఏముంది ఇందుల? మూడు కమాండ్లు. జరుగు" అనేవాడు. నేను జరిగేదాన్ని. టపటపా కొట్టేసి, "అయిపాయె, చూసినవా?" అనేవాడు. చూశాను. ఆయన వేళ్ళు ఎంత వేగంగా కదులుతాయో చూశాను. అంతకు మించి ఏమీ నేర్చుకోలేదు. మళ్ళీ అడగాలంటే సిగ్గేసి, అర్థమైనట్టు తలూపడం నేర్చుకున్నాను.

ఒకరోజు మార్తమ్మ ఆంటీ గోంగూర ఇద్దామని వచ్చి, నా మొహం చూసి, ఏమైందని అడిగారు. "గిట్ రాదు ఆంటీ, నాకిగ రాదు" అన్నాను. ఆవిడ పకపకా నవ్వారు. "మీ తెలంగాణ వాళ్ళకి పుట్టుకతోనే వచ్చుండాలిగా! గిట్ల, గట్ల అంటానే ఉంటారు!" నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆవిడ గోంగూర బల్ల మీద పెట్టి, "రేపు ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి రా. మా చర్చికి వెబ్‌సైటు కావాలని పాస్టరు గారు నా నెత్తిన పెట్టారు. అది నీకిస్తున్నా" అన్నారు. "నేను చర్చికి రాను కదా ఆంటీ?" అంటే, "వెబ్‌సైటు అడిగారమ్మాయ్, ప్రార్థన అడగలేదు" అన్నారు. "మీకు గిట్ వస్తదా?" అని అడిగాను. "రాదు. నువ్వు నేర్చుకుంటా ఉంటే నేను కాపలా కూర్చుంటా."

కాపలా అంటే ఏమిటో మర్నాడు తెలిసింది. ఆవిడ ఇంటి కింద బేస్‌మెంట్‌లో పెద్ద బల్ల, దాని మీద వాలుగా ఒక దీపం, మూల చుట్టలు చుట్టిన డ్రాయింగులు. ఒకటి పరిచారు. బ్రేకు పెడలు కింద బిగించే ఇనప ముక్క. నాకు బొమ్మలో ఏమీ అర్థం కాలేదు. ఆవిడ వేలు మాత్రం బొమ్మ మీద లేదు, మూలన ఉన్న చిన్న పట్టిక మీద ఉంది. ఎ నుంచి కె దాకా అక్షరాలు, ఒక్కో అక్షరానికి ఒక వరుస; ఎ మొదట గీసినప్పటిది, మిగతావి మార్పులు. ఏం మారింది, ఎందుకు మారింది, ఎవరు మార్చారు. మధ్యలో ఐ లేదేమని అడిగితే, అది ఒకటి అంకెలా కనిపిస్తుందని వదిలేస్తామన్నారు.

"అంటే తొమ్మిదిసార్లు తప్పు జేసిన్రా దీన్ని?" అన్నాను.

"తప్పు చేసింది కాదే, తొమ్మిదిసార్లు బాగుచేసింది. ఆఫీసు దాటి బయటికెళ్ళిన డ్రాయింగులో ఒక్క గీత కూడా చెరిపేవాళ్ళం కాదు. మారితే కింద ఇంకో వరుస రాసేవాళ్ళం. మా బల్లల మీద రబ్బరు కనబడితే పెద్దాయన తీసి పారేసేవాడు."

ఇది మీరు గీసిందేనా అని అడిగాను. ఆవిడ "ముందు నీ పట్టిక చూపించు" అన్నారు. చేసిన మార్పుకి ఒక కారణం రాసి గిట్‌లో భద్రపరచడాన్ని కమిట్ అంటారు. నేను అప్పటిదాకా రాసిన కారణాలు తెర మీద తెచ్చాను. కళ్ళజోడు సర్దుకుని ఆవిడ పైకి చదివారు: "సారీ. మళ్ళీ సారీ. ఈసారి ప్లీజ్. సారీ, ఇది చివరిది." నాకు నేల చీలిపోతే బాగుండుననిపించింది. "ఈ సారీ ఎవరికి? కంప్యూటరుకా?" అన్నారు. "నీ పట్టికలో ఏం మారిందో లేదు, ఎందుకో లేదు. ఉన్నదల్లా భయం. ఇక మీదట సారీ అని రాశావో, నా బేస్‌మెంట్‌లో అడుగు పెట్టనివ్వను."

ఆ తర్వాత నెలల తరబడి అక్కడే కూర్చున్నాను. ఆవిడ పక్కన కుర్చీలో ఊలు అల్లుకునేవారు. ఒక్క కమాండ్ కూడా చెప్పలేదు, తెలిస్తే కదా. నా చేతులు కీబోర్డు మీంచి లేస్తే మాత్రం ఊలు అల్లడం ఆపి చూసేవారు.

గుడ్ ఫ్రైడేకి ముందు ఆరాధన వేళ సైటులో మార్చాను, పదిన్నరకని. అదే లైను పాస్టరు గారు తన కంప్యూటర్‌లో పదకొండుకి మార్చి పెట్టారట. రెండూ కలిపేసరికి తెర నిండా బాణాలు, అడ్డగీతలు, ఆ మధ్యలో రెండు వేళలూ. దీన్నే కాన్‌ఫ్లిక్ట్ అంటారు. నా చెయ్యి దానంతటదే ఫోల్డర్ తీసెయ్యడానికి పోయింది.

"ఆపు" అన్నారు ఆంటీ.

"మురళికి ఫోన్ చేస్త ఆంటీ."

"మురళికి ఆరాధన ఎన్నింటికో తెలుసా?"

"తెల్వదు."

"మరి? ఆ బాణాల సంగతి నాకు తెలీదు. ఒకే గీత మీద ఇద్దరు రెండు కొలతలు రాస్తే మేం ఏం చేసేవాళ్ళమో తెలుసు. లేచి వెళ్ళి అడిగేవాళ్ళం."

పాస్టరు గారికి ఫోన్ చేశాను. హాలు పదిన్నరకి దొరకలేదు, పదకొండే ఖాయమన్నారు. బాణాలు తీసేశాను, నా లైను తీసేశాను, ఆయనది ఉంచాను. హాలు దొరకనందున ఆరాధన పదకొండుకి అని కారణం రాశాను. కమిట్ చేశాను. ఎర్ర అక్షరాలు లేవు. ఇన్నాళ్ళూ నన్ను తిడుతోందనుకున్న యంత్రం, రెండింట్లో ఏది నిజమో తెలియక నన్ను అడుగుతోందంతే! దాని ముందు నేనెందుకు అన్నేళ్ళు తల దించుకున్నానో అని ఒళ్ళు మండిపోయింది. ఆ మంట నాకు చాలా మేలు చేసింది.

వేసవిలో పక్క ఊరు నోవైలో ఒక చిన్న కంపెనీ నన్ను ఇంటర్వ్యూకి పిలిచింది. డాక్టర్ల ఆఫీసులకి సైట్లు కట్టే వాళ్ళు. నా చేతిలో అనుభవం కాగితాలేవీ లేవు, ఉన్నదల్లా చర్చి సైటు చరిత్రే. అది పంపమన్నారు. పంపే ముందు ఆంటీకి చూపించాను. ఆవిడ మెల్లగా కిందికి జరుపుతూ చదివి, మూడో గడి దగ్గర ఆగిపోయారు.

"ఎవరు చేశారన్న చోట మురళి అనుంది. నువ్వు చేసినవన్నిట్లోనూ."

నేనెప్పుడూ ఆ గడి చూడలేదు. ల్యాప్‌టాప్ మురళి పాతది. కొన్నప్పుడు గిట్‌లో తన పేరు పెట్టుకున్నాడు. అది నా ప్రతి కమిట్ మీదా నమ్మకంగా ఆయన పేరు వేసుకుంటూ వచ్చింది. నూటికి పైగా మార్పులు, ఒక్కదాని మీద కూడా నేను లేను.

ఇంటికెళ్ళి చెబితే మురళి నవ్వేశాడు. "గింతేనా? పాతవన్ని నీ పేరుకు మార్చేస్త. ఒక్క కమాండ్. జరుగు."

నేను జరగలేదు. ల్యాప్‌టాప్ మూసి మళ్ళీ ఆంటీ దగ్గరికి పరుగెత్తాను. మార్చొచ్చా అని అడిగాను. ఆవిడ ఊలు పక్కన పెట్టి లేచారు. తర్వాత ఆ బ్రేకు పెడలు డ్రాయింగు తెచ్చి పరిచారు. గీసినవారు అన్న గడిలో ఆర్.హెచ్. అని ఉంది.

"ఇది నేను గీసిందే. ఉద్యోగంలో చేరాక మొదటిది. ఆర్.హెచ్. అంటే మా పైఆఫీసరు. నేను అడిగితే, బయటికెళ్ళిపోయింది, ఇప్పుడెందుకులే అన్నాడు. ఊరుకున్నాను. తర్వాత ఏ కాగితం తీసినా ముందు నా పేరేసి, అప్పుడు గీత గీశాను. కానీ దీనికి కింద ఒక వరుస రాయించలేకపోయాను చూడు, అదిప్పటికీ మండుతుంది నాకు." చుట్ట చుట్టేస్తూ అన్నారు: "చెరిపితే నీ మాట మీద నీకే నమ్మకం ఉండదమ్మాయ్. ఉన్నది ఉంచు. వరుస రాయి."

అక్కడే కూర్చుని గిట్‌లో పేరు మార్చాను. స్వరూప. తర్వాత ఒక కమిట్ చేశాను. కారణం తెలుగులో రాశాను: "ఇంతకు ముందు మార్పులన్నీ మురళి పేరు మీద పడ్డాయి. చేసింది స్వరూప. ల్యాప్‌టాప్ ఆయనది, పని నాది."

ఆ సాయంత్రం మురళి చదివాడు. మొహం చిన్నబోయింది. "అందరు చదువుతరు గదా ఇది" అన్నాడు. "చదవాలనే రాసిన" అన్నాను. జరుగు అన్న మాట ఆ తర్వాత మళ్ళీ మా ఇంట్లో వినపడలేదు.

ఇంటర్వ్యూలో మేనేజర్ సరిగ్గా అక్కడే ఆగాడు. మురళి ఎవరని అడిగాడు. నా భర్త అన్నాను. ఆ వింత లిపిలో ఏముందని అడిగాడు. ఇంగ్లీషులో చెప్పాను. ఆయన మర్యాదగానే నవ్వి, ఇలా ఎవరైనా రాయొచ్చు కదా అన్నాడు. ఆ నవ్వుతో నాలో మిగిలిన భయం పోయింది. "ఒక కంప్యూటర్ ఇవ్వండి. మీ వాళ్ళలో ఎవర్నైనా నేను మార్చే లైనునే మార్చమనండి. గొడవ వచ్చాక నేను తీరుస్తాను. మీరు నా వేళ్ళు చూడండి" అన్నాను. ఇచ్చారు. బాణాలొచ్చాయి. అవతల లైను మార్చినతన్ని, నువ్వెందుకు మార్చావని లేచి వెళ్ళి అడిగి, తీర్చాను. రెండు వారాలకి ఉద్యోగం వచ్చింది. మొదటిరోజు కంపెనీ ల్యాప్‌టాప్ ఇస్తే, ఇంకేదీ తెరవకుండా గిట్‌లో నా పేరు రాశాను.

నిరుడు చలికాలం మార్తమ్మ ఆంటీ పోయారు. సమాధి కార్యక్రమం అయ్యాక వాళ్ళమ్మాయి ఆ చుట్ట నా చేతిలో పెట్టి, "ఇది మీకేనని రాసి పెట్టింది అమ్మ" అంది. ఫ్రేము కట్టించి ఆఫీసులో నా బల్ల ఎదురుగా పెట్టుకున్నాను. కొత్తగా చేరిన పిల్లలు కమిట్‌లో సారీ అని రాస్తే, పిలిచి దాని ముందు నిలబెట్టి, ఈ సారీ ఎవరికి అని అడుగుతాను. కొందరు నన్ను పొగరుబోతు అనుకుంటున్నారని తెలుసు. అనుకోనీ.

ఫ్రేము కట్టించే ముందు ఒక పని చేశాను. ఆర్.హెచ్. అన్న అక్షరాల జోలికి పోలేదు. పట్టికలో కె కింద ఒక గడి ఖాళీగా ఉంది. ఎవరి అనుమతీ అడగలేదు. పెన్సిలు కాదు, సిరా పెన్ను తీసుకుని ఎల్ అని రాశాను. ఏం మారింది: గీసినవారి పేరు, మార్తమ్మ. ఎందుకు మారింది: మొదట్లో రాయనందున. ఎవరు మార్చారు: స్వరూప.