పంచె వెనక పెళ్లి

ఇంట్లో టీవీ బొమ్మ ఎంత పెద్దదైతే ఇంటాయన అంత గొప్పవాడని మా వైపు గట్టిగా నమ్మిన కాలం ఒకటి ఉండేది. హెచ్‌డీ అనే మాట అప్పుడే జిల్లాలోకి దిగింది. నేను గుంతకల్లులో ఒక టీవీల అంగట్లో కొత్తగా పనికి చేరాను. వజ్రకరూరు దగ్గర పల్లెలో ఉండే మా మేనమామ తన కూతురి పెళ్లిని హెచ్‌డీలో తీయించి, దాన్ని చిన్న టీవీలో చూడటం నామోషీ అని బెంగళూరు నుంచి ప్రొజెక్టరు తెప్పించాడు. (వానొస్తే చేలల్లో వజ్రాలు వెదికే చోటు అది. మామకు వానా రాలేదు, వజ్రమూ దొరకలేదు. ధీమా మాత్రం తగ్గలేదు. ఆ ధీమా అంటే నాకు ఇప్పటికీ ముచ్చటే.) ఆ కూతురిని, అంటే మా వదినను, కాపురానికి తీసుకుపోవడానికి బొమ్మ వేసే రోజే కొత్త వియ్యంకులు, అల్లుడు వచ్చారు. ఒక్క మాట తేడా వచ్చినా అది వదిన వెంటే అత్తారింటికి పోతుందని అందరికీ లోపల ఒకటే గుబులు.

"ఏమప్పా, నువ్వే వచ్చి వైరు పెట్టల్ల" అని మామ ఫోన్ చేయగానే, హెచ్‌డీఎంఐ కేబులును డాక్టరు గొట్టంలా మెడలో వేసుకుని వెళ్లాను. (టీవీకి తప్ప దేనికీ దాన్ని తగిలించి ఎరగను.) మామ ఇంట్లో మగవాళ్ల సరసన ఆడవాళ్లు కూర్చునే ఆచారం లేదు. అందుకని మిద్దె మీద రెండు గుంజల మధ్య తన కొత్త పంచె కట్టించి, "పలచటి బట్ట కదా, రెండు పక్కలా కనపడతాది" అన్నాడు. మగవాళ్లు ముందు కుర్చీల్లో, ఆడవాళ్లు పంచె వెనక చాపల మీద కూర్చున్నారు. పొద్దుగూకగానే ప్లేయరు నుంచి ప్రొజెక్టరుకు వైరు తగిలించాను. బొమ్మలో వదిన ముక్కుపుడక రాయి కూడా తళుక్కుమంది. మామ మీసం దువ్వుకున్నాడు. అంతలో పంచె వెనకనుంచి మా ముసలి జేజి కేక వేసింది.

"ఓయమ్మా! అల్లుడు బువ్వబంతిలో పుర్రచేత్తో తింటాండాడే!"

"మా పిల్లోడు పుట్టినకాడ్నుంచి కుడిచేత్తోనే తింటాడు! మీ పెట్టె అబద్ధం చెప్తాండాది!" అని వియ్యపురాలు లేచింది.

"ఈడ కుడిచేత్తోనే తింటాండాడు కదమ్మా" అని వియ్యంకుడు ఇవతలినుంచి అంటే, "యాడ కుడి? మాకు కండ్లు లేవా?" అని అవతలినుంచి జవాబు. మామ నా వైపు తిరిగి, "వైరు తిరగేసి పెట్టినావేమిరా? తిప్పు!" అన్నాడు. నాకూ అదే నిజమనిపించింది. వైరు పీకి, ప్లేయరు వైపు కొసను ప్రొజెక్టరుకు, ప్రొజెక్టరు కొసను ప్లేయరుకు పెట్టాను. "ఇంగా పుర్రచెయ్యే!" అంది జేజి. వియ్యపురాలు ఇక సంచి సర్దమంది. వదిన ఏడుపు మొదలుపెట్టింది.

అప్పుడే మా అత్త మగవాళ్లకు మజ్జిగ గ్లాసులు పట్టుకుని ఇవతలికి వచ్చింది. పంచె వైపు చూసింది. ఒకసారి వెనక్కి తొంగి చూసి, మళ్లీ ముందుకు వచ్చి చూసింది. "పిల్లోడు వైరు సరిచేసినాడు. అయితే ఇది ముందర్నుంచే చూడల్లంట. అందరూ ఇట్ల రండి!" అని కేకేసింది.

"ఆడోళ్లా? ముందరా?" అన్నాడు మామ.

"అల్లుణ్ణి ఊరంతా పుర్రచేతోడు అనుకుంటే నీకు బాగుంటాదా?"

మామ కుర్చీ పక్కకు జరుపుకున్నాడు. ఆడవాళ్లంతా ముందుకు వచ్చారు. వియ్యపురాలు కొడుకు కుడిచేతిని కళ్లారా చూసుకుని, వదినను దగ్గరికి తీసుకుని కళ్లు తుడిచింది. అత్త మామ పక్కనే కుర్చీలో దర్జాగా కూర్చుంది. ఆ ఇంట్లో ఆమె అలా కూర్చోగా నేను అంతకుముందు చూడలేదు.

"చూసినావా అత్తా, వైరు తిప్పితే ఎట్ల కుదిరిందో!" అన్నాను గొప్పగా.

"వెనకాలకు పోయి చూడుపో" అంది మెల్లగా. వెళ్లి చూద్దును కదా, పెళ్లికొడుకు ఎడమచేత్తో తాంబూలం అందుకుంటున్నాడు! బట్టను అవతలినుంచి చూస్తే కుడి ఎడమవుతుందని అప్పటికి గాని నా బుర్రకెక్కలేదు. తిరిగొచ్చి, "మరి ఆ మాట అందరికీ చెప్పలేదేం?" అని అడిగాను.

"చెప్పింటే, వెనకాలే కూర్చోని కుడి ఎడమలు మార్చుకోని చూడండి అంటాడు మీ మామ" అంది, కళ్లు బొమ్మమీంచి తిప్పకుండా.

భోజనాల దగ్గర మామ, "వైరుకూ కుడి ఎడమ ఉంటాదప్పా, మావాడు కనిపెట్టినాడు" అని వియ్యంకుడికి చెబుతుంటే, వడ్డిస్తున్న అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది. నేనేమో నిజం తెలిసి కూడా ఆ పొగడ్తకు సిగ్గుపడుతూ ఇంకో ముద్ద పెట్టించుకున్నాను. ఎంత సుఖంగా ఉన్నాడో అప్పటి నేననే ఆ కుర్రవాడు!