దూడ ముక్కులో దూది

ఆ రోజుల్లో నా చదువుకు తగ్గ పని ఒకటే దొరికింది: దూడల ముక్కుల్లో చుక్కలు వేయడం. దూడలకు వచ్చే ఒక వైరస్ రోగానికి నారాయణగూడలో మా ల్యాబ్ తయారుచేస్తున్న టీకా అది. ఆ రోగం ముక్కుతోనే మొదలవుతుంది కాబట్టి కాపలా కూడా అక్కడే పెట్టాలని మా ప్రొఫెసర్ గారి నమ్మకం. ల్యాబ్ షెడ్డులోని దూడలు బాగానే తట్టుకున్నాయి. ఇక బయట ఒక మామూలు కొట్టంలో వేసి చూడాలి.

చిక్కడపల్లి గల్లీలోంచి అశోక్‌నగర్‌లోని నా అద్దె గదికి పాలు పోసే అన్న ఒప్పుకున్నాడు. ఆయనకున్నది ఒకే పాడి బర్రె. దూడ వచ్చి కుడిస్తే తప్ప అది పాలు చేపదు. దూడ పోతే పాలు పోయినట్టే. ఇల్లు గడిచేది ఆ పాల మీద.

"జర పైలం సారు," అంది ఆయన భార్య. "దీనికేమన్న అయితే మేమందరం నీ రూముకే వచ్చి ఉంటం."

"కిరాయి మాత్రం మీరే కట్టాలె వదినా," అన్నాను. ఎవరూ నవ్వలేదు.

అన్న తల పట్టుకుంటే, ఐసు ఫ్లాస్కులోంచి మందు తీసి దూడ ముక్కులో వేశాను. అది వెంటనే నాలుక చాపి ముక్కు లోపలిదాకా నాకింది. పశువులకు ఆ సౌకర్యం ఉన్నట్టు మా పాఠ్యపుస్తకాలు పెద్దగా ప్రస్తావించలేదు.

"కాసేపు నాకనియ్యకు అన్నా, మందు లోపలనే ఉండాలె," అని చెప్పి ల్యాబ్‌కు వెళ్లిపోయాను.

సాయంత్రం వచ్చేసరికి కొట్టం ముందు ఆడవాళ్లు గిన్నెలతో నిలబడి ఉన్నారు. బర్రె అరుస్తోంది. లోపల దూడ కళ్లు మూసుకుని గడ్డి మీద ఒరిగి ఉంది. ముక్కు రంధ్రాలు రెండింటిలో తెల్లటి దూది.

మనుషుల ముక్కులో దూది ఎప్పుడు పెడతారో నాకు తెలుసు. పశువులకు కూడా పెడతారని తెలియదు కానీ, వీళ్లు దాన్ని ఇంటి మనిషిలాగే చూసుకునేవారు. ప్రొఫెసర్ గారు గుర్తు రాలేదు. ఖాళీ పాల బిందె ఒక్కటే కనబడింది.

చెప్పులు విడిచాను. "ఏం చెయ్యమంటే అది చేస్త అన్నా," అన్నాను.

"ఏం జేస్తవ్? గా తాడు పట్టు," అన్నాడాయన. "పొద్దుగాల్నించి దీనితోని పరేషాన్. నాకకు అంటే ఇంటదా? చెవుల మందేస్తే దూది పెడ్తం గద, గట్లనే పెట్టిన. ఇగ తీసేయొచ్చునా?"

దూడ కళ్లు తెరిచింది. నోటితో ఊపిరి తీస్తూ నావైపు చూసింది. ఆ చూపులో గౌరవం లేదు. దూది లాగేశాను. అది గట్టిగా తుమ్మింది. మందు ఏమైనా మిగిలి ఉంటే అదంతా నా చొక్కా మీదికి వచ్చింది. తర్వాత లేచి, నేరుగా తల్లి దగ్గరికి వెళ్లి, పొదుగును తలతో కుమ్మింది. దూడ కుడిచే చప్పుడు అంత బాగుంటుందని నేనప్పటిదాకా గమనించలేదు. బర్రె చేపింది. బిందెలో పాలధార మోగింది.

"మొఖమేంది సారు, గట్ల తెల్లవడ్డది?" అంది వదిన. "దూడ మంచిగనే ఉన్నది గద?"

"ఉన్నది వదినా," అని పక్కనున్న తవుడు బస్తా మీద కూర్చున్నాను. లేవడానికి కొంతసేపు పట్టింది.