మెడ చూసి పలకరించే మా అత్త

మా మేనత్తకు ఎవరినైనా పరిచయం చేస్తే ఆవిడ ముఖం చూడదు, మెడ చూస్తుంది. మొదట మెడ, తర్వాత చెవుల వెనక, వీలైతే మోచేతులు, ఇవన్నీ అయ్యాక తీరికుంటే అప్పుడు ముఖం. నమస్కారం పెట్టిన పెద్దమనిషి, ఈవిడ చూపు తన గడ్డం కింద ఆగిపోయిందని గ్రహించి, గుండీ ఊడిందేమోనని కంగారుపడతాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నారని సామెత. మా అత్త గుమ్మంలో కాలు పెడితే మా ఇంటిల్లిపాదీ మెడలు తడుముకునేవాళ్ళం. అందుకే బంధువులందరూ ఆవిడకు మెడత్త అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు.

"నోరత్త అనలేదు, సంతోషించు" అనేది.

అత్తది పెళ్ళికూతుళ్ళను ముస్తాబు చేసే పని. వీధి మలుపులో మెట్లెక్కి వెళితే ఒక గది, రెండు కుర్చీలు, గోడ పొడవునా అద్దం. అదే ఆవిడ పార్లరు. ముఖానికి వేసే రంగు మెడ రంగుతో కలవాలన్నది ఆ పనిలో మొదటి పాఠం. మిగతావాళ్ళు ఆ పాఠాన్ని పార్లరులోనే వదిలేసి ఇంటికెళతారు. మా అత్త దాన్ని బస్సుల్లోకి, ఆస్పత్రుల్లోకి, చావు పలకరింపుల్లోకి కూడా తీసుకెళ్ళింది.

"ముఖం పూటకో మాట చెబుతుందే. మెడకు అబద్ధం చేతకాదు" అనేది.

ఈ ధాటికి ఎక్కువగా నలిగినవాడు మా మామయ్య. నడి ఎండాకాలంలో కూడా చొక్కా పై గుండీ పెట్టుకునే తిరిగేవాడు.

"అందరికీ పెళ్ళిచూపుల్లో కళ్ళూ కళ్ళూ కలుస్తాయమ్మా. మీ అత్త కళ్ళు నా మెడతో కలిశాయి" అని నిట్టూర్చేవాడు.

ఒకసారి మా ఆఫీసు మేనేజరమ్మ మా ఇంటికి టీకి వచ్చింది. నా ప్రమోషన్ ఆవిడ చేతిలో ఉంది. ఆవిడ ముఖం మీగడలా ఉంది, మెడ మామూలు మనిషి మెడలా ఉంది. అత్తను వంటింట్లో పెట్టి గడియ వేద్దామని నేను లేచేలోపే జరగాల్సింది జరిగిపోయింది.

"అమ్మాయ్, నీ ముఖమూ మెడా ఎప్పట్నుంచి వేరుకాపురం?"

టీ కప్పు గాల్లో ఆగింది. నా ప్రమోషన్ కూడా అక్కడే ఆగింది.

"అంటే... పౌడరండీ" అంది మేనేజరమ్మ.

"పౌడరని తెలుస్తూనే ఉంది. చక్కగా చిక్కటి టీ రంగు నీది. దానిమీద పిండి చల్లడం ఎందుకు? రేపు పార్లరుకు రా, నీ రంగుకు కలిసేది ఇస్తాను."

మేనేజరమ్మ ఒక్క క్షణం చూసి, పడీపడీ నవ్వింది. మరుసటి వారం ముఖాన్నీ మెడనూ ఉమ్మడి కాపురంలో పెట్టుకుని ఆఫీసుకు వచ్చింది. నా ప్రమోషన్ సంగతి మాత్రం అడక్కండి.

క్రీములమ్మే ఏజెంటు ఒకాయన పార్లరుకు వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. బల్లనిండా దేశదేశాల డబ్బాలు పరిచాడు. ఎడమనుంచి చదివే అక్షరాలు కొన్ని, కుడినుంచి చదివేవి కొన్ని, ఎటునుంచి చదవాలో మాకు తెలియనివి కొన్ని.

"ప్రపంచమంతా ఇవే వాడుతోందండీ. తెల్లబడాలని కోరుకోని దేశం లేదు" అన్నాడు.

అత్త ఒక్కో డబ్బానూ తిప్పి చూసింది. "అన్నిటిమీదా అమ్మాయి బొమ్మ వేశారు. మెడేది నాయనా?"

ఏజెంటు వంగి చూశాడు, నేనూ చూశాను. ఏ డబ్బా మీదా మెడ లేదు. ఎవరి భాష వాళ్ళదే, ఎవరి సముద్రం వాళ్ళదే, గడ్డం కింద కత్తెర మాత్రం అందరిదీ ఒకే చోట పడింది.

"సరే, నీ కాలరు కాస్త దించు" అంది అత్త.

అతను బిక్కమొహం వేసి దించాడు. ముఖం, మెడ అచ్చంగా ఒకే రంగు.

"నువ్వే రాసుకోవడం లేదు. మా పిల్లలకెందుకు రాయమంటున్నావు?"

అతను డబ్బాలు సర్దుకుని మెట్లు దిగిన వేగం చూస్తే, రంగుల పందెంలో కాకపోయినా పరుగుపందెంలో గెలుస్తాడనిపించింది.

ఇక మా చెల్లి పెళ్ళి. చెల్లిది అత్త రంగే, నలుపు. చిన్నప్పటినుంచి దాని ముఖానికి చిట్కాలు చెప్పని చుట్టం లేదు. "పిల్ల కళగా ఉంది కానీ..." అని ఆగిపోయేవాళ్ళు. ఆ 'కానీ' వినీవినీ దానికి ఒళ్ళు మండిపోయేది. సంబంధం కుదిరాక అది మా అందరికీ ఒక్కటే మాట చెప్పింది.

"నన్ను అత్తే తయారు చెయ్యాలి. నా పెళ్ళి ఫొటోల్లో నేనుండాలి. సున్నం కొట్టిన మనిషెవరో ఉంటే ఆ ఫొటోలు నాకొద్దు."

పెళ్ళికొడుకు బంగారంలాంటివాడు, సరేనన్నాడు. చిక్కల్లా వాళ్ళమ్మగారితో వచ్చింది. పెళ్ళిరోజు పొద్దున్నే చెల్లి తలస్నానం చేసి కూర్చుంటే, ఆవిడ ముస్తాబు గదిలోకి వచ్చింది.

"పిల్లను కాస్త తెల్లగా తేల్చండి. మావాళ్ళందరూ చూస్తారు. మీకు చేతకాదంటే చెప్పండి, మా మనిషి బయట కూర్చుని ఉంది."

చెల్లి పళ్ళు బిగించింది. అమ్మ నావైపు చూసింది. అమ్మ భయం నాకు తెలుసు. కొత్త కాపురం గొడవతో మొదలైతే, రేపటినుంచి ఆ ఇంట్లో మసలాల్సింది చెల్లి. దాని మాట నెగ్గితే అత్తగారికి కోపం, అత్తగారి మాట నెగ్గితే దాని ముఖం దానికి దక్కదు. ఇదంతా చాలనట్టు వియ్యపురాలిగారి ముఖం తెల్లగా మెరుస్తోంది, మెడ దానికి ఏ సంబంధమూ లేనట్టు ఉంది. మా అత్త చూపు అప్పటికే గడ్డం కిందికి దిగింది. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, ఈవిణ్ణి ఎందుకు పిలిచామా అని నేను కళ్ళు మూసుకున్నాను.

ఏ మాటా వినపడలేదు. కళ్ళు తెరిచి చూస్తే అత్త ఇంకా చూస్తూనే ఉంది. మెడనుంచి చెంపకు, చెంపనుంచి మెడకు.

"వదినగారూ, పిల్ల జుట్టు ఆరేలోపు మీరిలా కూర్చోండి. ముందు మీది సర్దేస్తాను" అంది, ఎన్నడూ వినని మెత్తటి గొంతుతో. అమ్మనూ చెల్లినీ పక్కగదిలోకి పంపేసింది. దూది అందించడానికి నన్ను ఉంచింది.

తడి దూది తగలగానే ఆవిడ ఉలిక్కిపడింది. పౌడరు పోయాక చెంపలు ఎర్రగా, పలచగా, లోపలి నరాలు కనపడేలా ఉన్నాయి. కళ్ళ కింద నల్లటి మచ్చలు. నేనేదో అనబోయాను. అత్త నా కాలు తొక్కింది.

"తెల్లబడే క్రీము ఎన్నాళ్ళనుంచి రాస్తున్నారు?"

ఆవిడ అద్దంమీంచి చూపు తిప్పుకుంది. "కాపురానికి వచ్చినప్పటినుంచి. మొదటి డబ్బా మా అత్తగారే చేతికిచ్చారు. మానేద్దామంటే మంట. పైగా ఇంకా నల్లబడతాను."

"మానడానికో పద్ధతుంది. ఒక్కసారిగా మానకూడదు. నాకు తెలిసిన చర్మం డాక్టరమ్మ ఉంది, నేనే తీసుకెళతాను. మీ ఇంట్లో బజారుకని చెప్పండి."

ఆ 'బజారు' మాటతో నాకు ఒక్కొక్కటే వెలిగింది. ఎదురింటి కొత్త కోడలు, కుట్టుపనావిడ, మా స్కూలు టీచరు. వీళ్ళెవరినీ అత్త ఒక్క మాట అనలేదు. వీళ్ళందరితోనూ మధ్యాహ్నాలు బజారుకని వెళ్ళేది, ఎప్పుడూ ఖాళీ చేతులతో తిరిగొచ్చేది. పౌడరు కనపడితే నలుగురిలో నవ్వించేది. చర్మం కాలి కనపడితే నోరు కట్టేసుకునేది.

దూది పారేయడానికి బయటికి వెళ్ళినప్పుడు మామయ్యను పట్టుకుని నిలదీశాను.

"ఇన్నాళ్ళకు తెలిసిందా?" అన్నాడు. "ఒక్కళ్ళ మెడే చూస్తే వాళ్ళు సిగ్గుతో చచ్చిపోతారు. అందుకని అందరివీ చూస్తుంది. అందులో నాదీ కలిసిపోయింది, ఏం చేస్తాం."

నేను తిరిగొచ్చేసరికి అత్త పని ముగిస్తోంది. మంటపుట్టని లేపనం ఏదో పలచగా రాసి, జుట్టు దువ్వి, పెదవులకు కాస్త రంగు దిద్దింది, అంతే. అద్దంలో గోధుమరంగు మనిషి ఒకావిడ కూర్చుని ఉంది. ఎర్రదనం కొంత కనపడుతూనే ఉంది, మచ్చలూ కనపడుతున్నాయి. వియ్యపురాలు తనవైపు తనే కొత్త చుట్టాన్ని చూసినట్టు చూసుకుంది. తర్వాత లేచి పక్కగది తలుపు తీసి, చెల్లిని చెయ్యిపట్టుకుని తెచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టింది.

"దీన్ని దీనిలాగే ఉంచండి వదినగారూ. నాకిచ్చినట్టు డబ్బా మాత్రం నేను దీనికి ఇవ్వను."

చెల్లి ఆవిడ చెయ్యి వదల్లేదు. నాకు కళ్ళు చెమర్చాయి, అంతలోనే అత్త "దూది" అని అరవడంతో ఆ ముచ్చట తీరలేదు.

పెళ్ళయ్యాక వియ్యపురాలినీ చెల్లినీ పక్కపక్కన నిలబెట్టి ఫొటోగ్రాఫరు కెమెరాలోకి చూశాడు, మళ్ళీ చూశాడు, మర్యాదగా దగ్గాడు.

"కంగారుపడకండమ్మా. ఇద్దరినీ తర్వాత కంప్యూటర్లో కాస్త తెల్లగా చేసేస్తాను."

మేమంతా వియ్యపురాలివైపు చూశాం. ఆవిడ తడుముకోకుండా అంది. "లైట్లు ఎన్ని కావాలంటే అన్ని పెంచుకో నాయనా. మమ్మల్ని మాత్రం పెంచకు."

చెల్లికి నవ్వాగలేదు. దాన్ని చూసి ఆవిడకూ ఆగలేదు. బెదిరిపోయిన ఫొటోగ్రాఫరు చెయ్యి మీట మీద పడింది. ఆల్బమ్ నిండా అందరూ బుద్ధిగా నిలబడ్డ ఫొటోలు బోలెడున్నాయి. చెల్లి అత్తగారింట్లో ముందుగది గోడకు పెట్టుకున్నది మాత్రం, అత్తాకోడళ్ళిద్దరూ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న ఆ ఒక్కటే.